గోడ మీది మీసాలు

ఆగస్టు 24, ఆదివారం

రామకోటి పుస్తకం వెనక కాగితాలు ఖాళీగా ఉన్నాయి. ముందువైపు స్వామికి, వెనకవైపు నాకు. స్వామి తిప్పి చూడడనే నమ్మకం.

తమ్ముడు అంజి రమ్మంటే కరీంనగర్ నుంచి బొగ్గుబాయిల కాలనీకి వచ్చాను. మమ్మల్ని కన్న అవ్వ వాడి దగ్గరే ఉంటుంది. వచ్చి చాయ్ తాగేదాకా సంగతి చెప్పలేదు. బాయి ప్రమాదంలో పోయినవాళ్ళ జ్ఞాపకంగా మ్యూజియం కట్టారట. మూసేసిన బాయి పక్కనే, వెనకటి టోపీదీపాల గదిలో. పెద్దల అమావాస్య, పెత్రమాస నాడు ప్రారంభం. భార్యగానీ బిడ్డలుగానీ తమ మనిషి ఫోటోకు దండ వేసి దీపం పెట్టాలి. టీవీ వాళ్ళు వస్తారు.

ఇది చెప్పి అంజి ఫ్యాన్ వైపు చూశాడు. నేనూ ఫ్యాన్ వైపే చూశాను. అవ్వ మాత్రం మా ఇద్దరి వైపు చూసింది.

"ఎవని ఫోటోరా?"

అంజి లేచి ఫ్యాన్ వేగం పెంచాడు.

ఆగస్టు 25

రాస్తే గాని తిక్క తీరేలా లేదు.

బాయిలో నౌకరీ వచ్చింది రాజలింగు కాకకు. బాపుకు, అంటే మా నాన్నకు, చిన్నాయన కొడుకు. ఆఫీసులో ఫోటో దిగాడు, వేలిముద్ర వేశాడు, బూట్లు తీసుకున్నాడు. మొదటిరోజు లోపలికి దిగి, ఆ చీకటి చూసి, పైకి వచ్చి, బూట్లు విప్పి బాపు చేతిలో పెట్టి, భైంసా బస్సెక్కాడు. మర్నాటి నుంచి ఆ బూట్లలో బాపు దిగాడు. ఆ పేరుతోనే. అప్పట్లో బాయిల మీద ఇది వింత కాదు. పేరొకరిది, ఒళ్ళొకరిది. హాజరు తీసుకునే మనిషి రాజలింగు అని పిలిస్తే బాపు పలికేవాడు.

ఎప్పుడో పని ఆపేసిన పాత సొరంగంలో నిలిచిన నీళ్ళు గోడ పగలగొట్టుకొని ఈ బాయిలోకి వచ్చాయి. పోయింది బాపు. పోయినట్టు రాసింది రాజలింగును. దేశమంతా రేడియోలో చెప్పారు. జెండాలు సగానికి దించారు. ఢిల్లీ నుంచి మంత్రులు వచ్చి బాయి మూతి దగ్గర తలలు వంచి నిలబడ్డారు. లోపలివాళ్ళు మాత్రం బయటికి రాలేదు. బాయినే మూసేశారు. నాకప్పుడు పద్నాలుగేళ్ళు.

అవ్వ పింఛను రాజలింగు భార్యగా. అంజి నౌకరీ రాజలింగు కొడుకుగా. రాజలింగు కాక మాత్రం భైంసాలో పత్తి మిల్లులో బస్తాలు తూచి, పెండ్లి చేసుకొని, మనవళ్ళను భుజం మీద తిప్పి, ఇప్పుడు ముసలి పింఛను తీసుకుంటున్నాడు. ఒక జిల్లాలో అమరుడు, పక్క జిల్లాలో లబ్ధిదారు.

బాపు అసలు పేరు ఏడాదికొక్కసారి బయటికి వస్తుంది. పెత్రమాస నాడు పెద్దల పేరిట బియ్యం ఇచ్చేటప్పుడు అయ్యగారు అడిగితే, అంజి వంగి ఆయన చెవిలో చెబుతాడు. ఇక్కడ కూడా రాయను. అలవాటు తప్పింది.

నాకేం బాధ లేదు. ఊరికే రాశాను.

ఆగస్టు 27

వినాయక చవితి. కుడుములు విరిగిపోయాయి. స్వామి ఏమీ అనలేదు. అంజి అన్నాడు.

ఆగస్టు 29

అవ్వ పంతం పట్టింది.

"పరాయి మొగని మొకం ముందట నేను దీపం పెట్టుడేందిరా? ఆడు నాకు మరిది. మీదికెల్లి బతికే ఉన్నడు."

"అవ్వా, ఒక్క దీపమే. మార్చిల రిటైర్ అయితున్న. గప్పటిదాక ఎవనికన్న అనుమానం వచ్చిందనుకో, నా పైసలన్నీ ఆగుతయి. కొడుకువే గాదంటరు."

"ఎవని కొడుకువు గాదంటరు?"

అంజి లెక్క చూసుకున్నాడు. తేలలేదు.

"బతికున్నోనికి దండేసి దీపం పెడ్తే ఆడు సస్తడు. గంగుబాయి భైంసాకెల్లి వచ్చి నా జుట్టు పడ్తది. నేను పెట్ట."

గంగుబాయి అంటే రాజలింగు కాక భార్య. జుట్టు పట్టే మనిషే.

ఒకటి గుర్తొచ్చింది. పింఛను ఆఫీసులో గుమాస్తా మొగని పేరు అడిగితే మిగతా ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని పిల్లలతో చెప్పించేవారు. అవ్వ ఒక్కతే గట్టిగా, తడుముకోకుండా, "రాజలింగు" అనేది. "ఈమె మస్తు ధైర్యవంతురాలు" అని గుమాస్తా మెచ్చుకున్నాడు. మరిది పేరు చెప్పడానికి ధైర్యం దేనికి?

సెప్టెంబర్ 5, శుక్రవారం

కుటుంబాలకు ముందుగా చూపిస్తామని పిలిచారు. అవ్వను తీసుకొని వెళ్ళాను. నేను తోడు మాత్రమే.

మధులిక అని హైదరాబాద్ అమ్మాయి. మ్యూజియం అంతా ఆమె చేతి మీదే నడుస్తోంది. మంచి పిల్ల. మనల్ని చూడగానే ఆమె కళ్ళలో నీళ్ళు సిద్ధమవుతాయి.

లోపల ఉత్తుత్తి సొరంగం కట్టారు. థర్మోకోల్ బొగ్గు. మీట నొక్కితే నీళ్ళు ముంచుకొచ్చే చప్పుడు. మా మిద్దె మీద ట్యాంకు నిండినప్పుడు ఇంతకంటే భయంగా ఉంటుంది. చీరల దుకాణం బొమ్మలకు నల్లరంగు పూసి, నెత్తిన టోపీదీపం పెట్టి నిలబెట్టారు. ఒక కార్మికుడికి పెదవుల రంగు సరిగా పోలేదు. నడుం మీద చెయ్యి కూడా అలాగే ఉంది.

తర్వాత ఫోటోల గోడ. ప్రతి ఫోటో కింద పలక మీద పేరు, వయసు. కొందరికి ఇంట్లో పిలిచే పేరు కూడా రాశారు. ఎదురింటి మల్లయ్య కింద "ఇంట్లో పిలిచే పేరు: బుజ్జులు". ఆరడుగుల మనిషి. బతికుండగా ఆ పేరుతో పిలిస్తే తన్నేవాడు.

మన పలక మీద ఆ జాగా ఖాళీగా ఉంది.

పైన రాజలింగు కాక. పాతికేళ్ళవాడు. ఆఫీసులో దిగిన నలుపు తెలుపు ఫోటోకు కంప్యూటర్‌తో రంగులు వేశారు. బుగ్గలు గులాబీ రంగు. మీసాలు రెండు వైపులా మెలితిరిగి ఉన్నాయి. బాపుకు మీసం సరిగా మొలవనే లేదు. ఆ మాట మీద అవ్వ ఆయన్ను ఎంత ఏడిపించేదో.

మధులిక అవ్వ చేయి పట్టుకుంది. "అమ్మా, మొహమాటపడకండి. ఆయన్ను చూస్తే మీకేమనిపిస్తోందో చెప్పండి."

అవ్వ తల పైకెత్తి తీరిగ్గా చూసింది.

"మీసాలు మంచిగున్నయి బిడ్డా."

మధులిక కళ్ళు తుడుచుకుంది. నేను నేల చూస్తూ హనుమాన్ చాలీసా మొదలుపెట్టాను. నవ్వు ఆపడానికి అంతకంటే మంచి మందు లేదు. సగానికి వచ్చేసరికి పక్కన అవ్వ భుజాలు కదులుతున్నాయి. దాంతో నాదీ పోయింది. మేమిద్దరం ఏడుస్తున్నామనుకొని ఆ పిల్ల మమ్మల్ని ఒకేసారి కౌగిలించుకుంది. ఇద్దరికీ కలిపి ఒక కాగితం రుమాలు ఇచ్చింది.

ఆటోలో ఇంకా నవ్వుతున్నాం. ఇంటికొచ్చాక అవ్వ బువ్వ ముట్టలేదు.

"అన్ని గోడలు చూసిన. బొమ్మలల్ల సుత చూసిన. మీ బాపు యాడ లేడు."

సెప్టెంబర్ 7

ఇవాళ గ్రహణం. గుళ్ళన్నీ మూశారు. స్వామికి సెలవు.

నాకేం లేదు. నేను ఊరికే తోడు వెళ్ళాను.

సెప్టెంబర్ 10

రాజలింగు కాకకు ఫోన్ చేశాను. టీవీలో తన మొహాన్ని తాను చూసుకొని గుండె ఆగితే ఆ పాపం ఎవరిది?

"కాకా, మ్యూజియంల నీ ఫోటో పెట్టిర్రు."

"నాదా? మీసాల ఫోటోనా?"

"ఊఁ."

"అరే! నా దగ్గర ఒక్కటన్న లేదు బిడ్డా గది. పెద్దగ జేసిర్రా?"

"రంగులేసిర్రు."

"రంగులా!"

పక్క నుంచి గంగుబాయి చిన్నమ్మ ఫోన్ లాక్కుంది. భైంసా మనిషి కదా, కోపం వస్తే సగం మరాఠీ.

"కాయ్ తమాషా బాయీ ఇది? నా నొసట కుంకుమ ఉండంగ నా మొగనికి దండేస్తరా? మీ అవ్వకు జెప్పు, దీపం గీపం పెట్టిందంటే నేనే వస్త."

"అవ్వ సుత అదే అంటున్నది చిన్నమ్మా."

"ఏమంటున్నది?"

"నువ్వొస్తవని."

గొంతు తగ్గించి, "నీ అవ్వ మంచిదే" అంది.

సెప్టెంబర్ 14, ఆదివారం

కాక ఒక్కడే దిగాడు. తెల్ల ధోతి, మెడలో కండువా. మీసాలకు నల్లరంగు వేసుకొచ్చాడు. ఎవరైనా గుర్తుపట్టాలని ఆశ.

గుమ్మంలోనే అవ్వను మేలమాడాడు. "ఏం వదినె, నాకు దీపం పెడ్తవటగా?"

"ముందుగాల నువ్వు సావు. తర్వాత సూద్దాం."

అంజి పరేషాన్ అయిపోయాడు. మ్యూజియంకు పోవద్దన్నాడు, బతిమాలాడు, ఆఖరికి కాకకు కరోనా అప్పటి మాస్కు వెతికి ఇచ్చాడు. కాక దాన్ని గడ్డానికి తగిలించుకున్నాడు.

నా వెంట లోపలికి వచ్చి తన ఫోటో కింద నిలబడి, ఛాతీ విరిచి, అటూ ఇటూ చూశాడు. కుటుంబాల వాళ్ళు వస్తున్నారు, పోతున్నారు. ఎవరూ గుర్తుపట్టలేదు. కాపలా ఉన్న నాగరాజు మాత్రం దగ్గరికొచ్చాడు.

"పెద్దమనిషీ, జర పక్కకు జరుగు. ఫోటోకు అడ్డమున్నవు."

కాక మొహం వాడిపోయింది. అయినా ఊరుకోలేదు. "గీయన ఎట్ల సచ్చిండు బిడ్డా?"

నాగరాజుకు అందరి కథలూ నోటికొచ్చు. ఈయన సంగతి బతికి బయటపడ్డ తోటివాళ్ళు చెప్పిందట.

"మస్తు గుండెగల్ల మనిషి గీ రాజలింగు. నీళ్ళచ్చినయని తెలంగనే పైకి ఉర్కిండు. మూతి దాక వచ్చిండు. వచ్చి మల్ల ఎనుకకు పోయిండు. కొత్తగ నౌకరీల చేరిన పోరలు లోపల్నే ఉండిర్రు, ఆళ్ళకు తొవ్వ దెల్వది. ఇద్దర్ని పైకి తోలిండు. మూడోసారి పోయినోడు రాలే."

ఇది మాకు తెలిసిన కథే. కాకకు తెలియదు. మేమెవరం చెప్పలేదు, ఆయన అడగలేదు.

కాక మాస్కు పైకి లాక్కున్నాడు. కళ్ళదాకా.

బయట మిర్చి బజ్జీలు కొన్నాడు. తినలేదు. కాగితం నూనె పీల్చుకునేదాకా చేతిలో పట్టుకొని కూర్చున్నాడు.

"లచ్చీ, నేను ఒక్కనాడు దిగిన బిడ్డా. గా చీకట్ల నా చెయ్యి నాకు కండ్లవడలే. ఇంటికొచ్చి అన్న కాళ్ళ మీద పడ్డ. నవ్విండు. బూట్లు సరిపోతయా అని తొడిగి చూసుకున్నడు. గంతే."

బజ్జీల కాగితం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు.

"పేరు ఆయనకే ఇచ్చిన. మల్ల ఎన్నడు అడుగలే. గిప్పుడు చూస్తే గోడ మీద ఆయన జాగల నేను ఉబ్బి కూసున్న. నన్ను తీపియ్యి బిడ్డా. ఎట్లనన్న తీపియ్యి."

ఒక బజ్జీ నా చేతిలో పెట్టాడు. చల్లారిపోయింది. తిన్నాను.

సెప్టెంబర్ 16, మంగళవారం

కొండగట్టు అంజన్న దగ్గరికి పోదామని పొద్దున్నే స్నానం చేసి బయల్దేరాను. మ్యూజియం దారిలోనే కదా అని దిగాను.

దారిలో లేదు.

మధులిక కుర్చీ వేసింది. చాయ్ తెప్పించింది. ఆమె కళ్ళు సిద్ధమయ్యేలోపే చెప్పేశాను.

"మేడం, మా బాపు పలక మీద ఒక జాగ ఖాళీ ఉన్నది."

"అవునమ్మా, మీ తమ్ముడుగారిని అడిగాను. ఇంట్లో ప్రత్యేకంగా ఏమీ పిలిచేవారు కాదన్నారు."

"వానికి యాదిలేదు. చిన్నోడు."

"ఏమని పిలిచేవారు?"

చెప్పాను. నోరు తిరగలేదు మొదట. రెండోసారి అడిగింది. రెండోసారి గట్టిగా చెప్పాను. గదిలో ఇంకెవరూ లేరు కాబట్టి సరిపోయింది.

"భలే ఉంది. ఎలా వచ్చింది ఆ ముద్దుపేరు?"

"మా నాయనమ్మ మల్లన్నకు మొక్కితె పుట్టిండు. గా మొక్కు పేరు."

ఆమె రాసుకుంది. శుక్రవారంకల్లా కొత్త పలక వస్తుందంది.

బస్టాండులో నిలబడి చెంపలు వేసుకున్నాను. మంగళవారం పూట, ఒంటిపొద్దు ఉండి, స్వామి దగ్గరికని బయల్దేరి, అబద్ధం చెప్పి వచ్చాను. బస్సులో కూర్చొని ఆ అబద్ధం ఎక్కడుందా అని వెతికాను. ఇంట్లో ఆ పేరుతోనే పిలిచేవారు. నాయనమ్మ పిలిచేది, ఊరంతా పిలిచేది. మొక్కు నిజం. మల్లన్న నిజం. ఎంత వెతికినా అబద్ధం దొరకలేదు. ఆంజనేయా, నీకు దొరికితే చెప్పు.

కొండగట్టు పోలేదు. ఆలస్యమైంది.

అంజికి చెప్పలేదు.

సెప్టెంబర్ 18

అంజికి చెప్పలేదు. రేపు చెబుతాను.

సెప్టెంబర్ 19

చెప్పలేదు.

సెప్టెంబర్ 20, శనివారం

పేరు సంగతి కుదిరింది. మొహం సంగతి కుదరలేదు. ఫోటో మార్చమంటే బాపు ఫోటో ఉండాలి. బాపు జీవితంలో ఫోటో దిగలేదు. దిగాల్సినవన్నీ కాకే దిగాడు.

గంగుబాయి చిన్నమ్మ కాకను వెంటబెట్టుకొని దిగింది. చెప్పులు కూడా విప్పలేదు. "దండ ఎవరేస్తరు? ఏసేటోళ్ళు నా ముందటికి రాండ్రి."

బతుకమ్మ పండుగ ముంగిట్లో ఉంది కదా, బంతిపూలు, గునుగుపూలు బజార్లో కుప్పలుగా పోశారు. తట్టెడు తెప్పించాను. చాప వేసి కూర్చొని మొదలుపెట్టాను.

"చిన్నమ్మా, ఫోటోల మొకం కనవడ్తెనే గదా మనిషికి దండేసినట్టు. మొకం మొత్తం మూసుకపోయేటట్టు ఏస్తే ఆయనకు ఏసినట్టు గాదు."

"గట్ల ఏ శాస్త్రంల ఉన్నది?"

"నాకు తెలిసిన శాస్త్రంల."

నేను చాలీసా చదివే మనిషినని, ఉపవాసాలు ఉంటానని ఆమెకు గురి. ఆలోచించింది. చెప్పులు విప్పింది. సూది తీసుకుంది.

"నీది పల్చగున్నది బాయీ. ఇంక మందం కట్టాలె. మీసాలు సుత కనవడద్దు."

అవ్వ వచ్చి మా మధ్య కూర్చుంది. మరిదిని మూసేసే దండకు ముగ్గురం కలిసి పూలు గుచ్చాం. కాక గడపలో కూర్చొని గునుగుపూల కాడలు తెంపి ఇచ్చాడు. అంత బుద్ధిగా ఆయన ఏ పనీ చేయగా చూడలేదు.

సెప్టెంబర్ 21, పెత్రమాస

పొద్దున బియ్యం ఇచ్చాం. అంజి వంగి అయ్యగారి చెవిలో చెప్పాడు. ఎప్పటిలాగే.

పదింటికి మ్యూజియం. దండ మోయడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది. అంజి ముందు నడిచాడు, పలక చూశాడు, ఆగిపోయాడు. మొహంలో నెత్తురు లేదు.

"అక్కా. ఏందిది?"

"ఇంట్ల పిలిచే పేరు. మేడం అడిగింది."

"ఎవరన్న అడిగితే ఏం జెప్పాలె?"

"ఇంట్ల గట్లనే పిలిచేటోళ్ళు అని చెప్పు."

"అబద్ధం గాదా?"

"ఎక్కడున్నదో చూపియ్యి."

వాడూ వెతికాడు. పెదవులు కదుపుతూ మళ్ళీ చదివాడు. తర్వాత జేబులోంచి రుమాలు తీసి, నిన్ననే పెట్టిన కొత్త పలకను తుడిచాడు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు. చాలాసేపు తుడిచాడు.

అవ్వకు చదువు రాదు. ఆమె వేలు పట్టుకొని అక్షరాల మీద నడిపించాను. పై పేరు మీద వద్దంది. కింది పేరు మీద రెండుసార్లు నడిపించమంది.

అంజి నిచ్చెన ఎక్కి దండ వేశాడు. బుగ్గలు పోయాయి, మీసాలు పోయాయి, కాక మొత్తం పోయాడు. పూలు, పూల కింద పేర్లు. అంతే మిగిలింది.

మధులిక పరుగున వచ్చింది. "అమ్మా, ముఖం కనిపించడం లేదు. కొంచెం సర్దుదామా?"

"ముట్టద్దు మేడం!" గంగుబాయి చిన్నమ్మ కేక. "పెత్రమాస నాడు ఏసిన దండ కదిలిస్తరా? అరిష్టం!"

ఆ పిల్ల చేతులు వెనక్కి తీసుకుంది. అన్ని గోడలకంటే మా గోడే పచ్చగా ఉంది. కెమెరాలు ఇటే తిరిగాయి.

అవ్వ దీపం వెలిగించింది. కళ్ళు మూసుకొని చాలాసేపు ఉంది. టీవీ అమ్మాయి మైకు పెట్టింది.

"అమ్మా, మీ పేరు?"

"కొమురవ్వ."

"మీ భర్త పేరు చెప్పండమ్మా."

అంజి బిగుసుకుపోయాడు. నేను మాత్రం ఫికర్ చేయలేదు. ఎప్పుడూ చెప్పేదే కదా, గట్టిగా, తడుముకోకుండా.

అవ్వ నోరు తెరిచింది. పలక వైపు చూసింది. నోరు మూసింది. కొంగు లాగి నోటికి అడ్డం పెట్టుకుంది. ఎనభై దగ్గరపడ్డ మనిషి, మెడ వంచి, కొత్త కోడలిలా కిలకిలా నవ్వింది.

"సిగ్గు బిడ్డా. మొగని పేరు నోటితోని ఎట్ల జెప్తరు? గాడ రాసున్నది. నువ్వే సదువుకో."

టీవీ అమ్మాయి వంగి మైకులో చదివింది. "రాజలింగు. ఇంట్లో పిలిచే పేరు, ఓదెలు."

మైకు పెద్దది. ఆవరణంతా వినిపించింది. మూసేసిన బాయి మూతి అక్కడికి దగ్గరే.

వెనక వరుసలో ఒకే ఒక్కడు చప్పట్లు కొట్టాడు. చప్పట్లు కొట్టే సందర్భం కాదని నాగరాజు కసిరాడు. కాక వినలేదు.

తర్వాత పులిహోర పంచారు. కాక రెండుసార్లు వరుసలో నిలబడ్డాడు. "నీ దినం కూడు నువ్వే తింటున్నవా?" అని గంగుబాయి చిన్నమ్మ తిట్టింది. "నాది గాదే, మా అన్నది" అన్నాడు. ఇంకో ముద్ద నోట్లో కుక్కుకున్నాడు.

సాయంత్రం కాలనీలో బతుకమ్మ ఆడారు. అవ్వ ఆడలేదు, చప్పట్లు కొట్టింది. ఎవరో మొగని పేరు అడిగినట్టు మధ్యమధ్య నవ్వుకుంది.

ఇంటికొచ్చి పుస్తకం ముందువైపు తిప్పాను. ఇవాళ్టి గడులు నింపాను. ఒక గడిలో శ్రీరామ రాయలేదు. ఓదెలు అని రాశాను.

స్వామి చూస్తే చూడనీ. ఆయనకూ వెయ్యి పేర్లున్నాయి.